ఒక్క రాత్రి నవాబులు

మూసారాంబాగ్ నుంచి ఫలక్‌నుమాకి ఎంత దూరం? ఆటోవాలాని అడిగితే తొమ్మిదో పదో కిలోమీటర్లంటాడు. సైదాబాద్, ఐఎస్ సదన్, సంతోష్‌నగర్, చాంద్రాయణగుట్ట... ట్రాఫిక్ లేకపోతే అరగంట, ఉంటే గంట. అంతే! కానీ మూసారాంబాగ్‌లో ఉండే ఓ టీచరమ్మకి ఆ దూరం దాటడానికి ముప్ఫై ఏడేళ్లు పట్టింది.

1988లో ఆమెకి ఫలక్‌నుమా గుట్ట కింద బస్తీలో ఉన్న ఓ ప్రాథమిక పాఠశాలకి బదిలీ అయింది. పొద్దున్నే మూసారాంబాగ్‌లో ఒక బస్సెక్కి చార్మినార్ దగ్గర దిగడం, అక్కడ ఇంకో బస్సు పట్టుకోవడం. 2004లో మరో చోటికి బదిలీ అయ్యేవరకూ పదహారేళ్లపాటు అదే దారి. బస్సు దిగి తలెత్తితే చాలు, గుట్ట మీద తెల్లగా ఆ మేడ. చుట్టూ గోడ. మూసిన గేటు. బళ్లో పిల్లలు రోజూ అడిగే ప్రశ్న ఒక్కటే... ‘టీచర్, దాని లోపల ఏముంటది?’

ఆమెకి తెలిస్తేగా! అందుకే ఏ టీచరైనా చెప్పే జవాబే చెప్పేది. ‘మంచిగ చదువుకోండి, పెద్దయినంక లోపలికి పోయి మీరే చూస్తరు.’

చెప్పిన ప్రతిసారీ మనసులో ఎక్కడో గుచ్చుకునేది. చదువుకున్న తనే చూడలేదు కదా!

ఈమధ్యే ఆ దంపతుల పెళ్లికి యాభయ్యేళ్లు నిండాయి. అమెరికాలో ఉన్న కొడుకూ కూతురూ కలిసి తాజ్ ఫలక్‌నుమా ప్యాలెస్‌లో ఒక రాత్రికి గది బుక్ చేశారు. అద్దె ఎంతో చెప్పొద్దనుకున్నారు కానీ తండ్రి ఊరుకునే రకం కాదు. కరెంటాఫీసులో ముప్ఫై నాలుగేళ్లు లెక్కలు రాసి రిటైరైన మనిషి. కంప్యూటర్లో వెతికి కనిపెట్టేశాడు. ‘ఒక్క రాత్రి పండుకునేటందుకు గిన్ని పైసలా? వాటితోని ఇల్లంతా రంగులేయించొచ్చు కదరా’ అని ఫోన్లో కేకలేశాడు. పక్కనుంచి టీచరమ్మ ఫోన్ లాక్కుంది. ‘ఉండనియ్యి బిడ్డా. పదహారేండ్లు కింది నుంచి చూసిన. ఒక్కసారి పైనుంచి చూస్త’ అంది. ఇక ఆయనేం మాట్లాడలేదు.

రెండు ఆకాశాలు

నిజానికి మూసారాంబాగ్ వాళ్లకి మేడలు కొత్త కాదు. ఆ పేరే ఓ ఫ్రెంచి సేనాని నుంచి వచ్చింది. రెండో నిజాం అలీ ఖాన్ కొలువులో సైన్యాన్ని నడిపిన మిషెల్ జోకిమ్ మరీ రేమండ్ 1755లో ఫ్రాన్స్‌లో పుట్టి, 1798లో హైదరాబాద్‌లో కన్నుమూశాడు. గన్‌ఫౌండ్రీలో ఫిరంగులు పోయించింది ఆయనే. ‘మాస్యూ రేమండ్’ అని పిలవడానికి నోరు తిరగని జనం, ముస్లింలైతే మూసా రహీం అన్నారు, హిందువులైతే మూసా రామ్ అన్నారు. ఆ మూసా రామ్ తోటే మూసారాంబాగ్. మలక్‌పేట దగ్గర ఆస్మాన్‌గఢ్ గుట్ట మీద ఆయన సమాధి, నల్లరాతి స్తూపం ఇప్పటికీ ఉన్నాయి. పక్కనున్న స్తంభాల మండపం 2001 వానలకి కూలిపోతే తర్వాత మళ్లీ కట్టారు.

అదే గుట్ట మీద ఆస్మాన్‌గఢ్ ప్యాలెస్ కూడా ఉంది. 1885 ప్రాంతంలో పాయిగా వంశానికి చెందిన సర్ ఆస్మాన్ జా వేట విడిదిగా కట్టించుకున్నది. చూడ్డానికి ఐరోపా కోటలా ఉంటుంది. తర్వాతి కాలంలో అందులో పురావస్తు మ్యూజియం, పాఠశాల నడిచాయి. సరిగ్గా అదే కాలంలో నగరానికి దక్షిణాన మరో గుట్ట మీద మరో పాయిగా ప్రభువు సర్ వికారుల్ ఉమ్రా ఫలక్‌నుమాని మొదలుపెట్టాడు. ఆస్మాన్ అన్నా ఆకాశమే, ఫలక్ అన్నా ఆకాశమే! ఇద్దరూ ఒకరి తర్వాత ఒకరు హైదరాబాద్ రాజ్యానికి ప్రధానమంత్రులయ్యారు. ఇద్దరూ చెరో గుట్టెక్కి చెరో ఆకాశం కట్టుకున్నారు. ఒక ఆకాశం మూసారాంబాగ్ పక్కనే ఉంది. రెండోది చూడ్డానికే ఈ ప్రయాణం.

దారిలో సంతోష్‌నగర్ దాటేటప్పుడు కారు డ్రైవర్ వేలు చూపించి ‘పాయిగా సమాధులు అటే సార్’ అన్నాడు. సున్నంతో చేసిన సన్నటి జాలీ పనికి పేరుపడ్డ ఆ సమాధుల్లోనే ఆస్మాన్ జా, వికారుల్ ఉమ్రా ఇద్దరూ ఉన్నారు. పెద్దాయన కిటికీలోంచి అటే చూస్తూ ‘రెండు ఆకాశాలు కట్టినోళ్లు ఆఖరికి ఒక్క నేల మీదికే వచ్చిన్రన్నట్టు’ అన్నాడు. టీచరమ్మ నవ్వింది.

అప్పుల మేడ

ఫలక్‌నుమా కథ వింటే సొంతిల్లు కట్టుకుని అప్పులపాలైన ప్రతి మధ్యతరగతి మనిషికీ గుండె కలుక్కుమంటుంది. 1884 మార్చిలో శంకుస్థాపన చేశారు. మొత్తం పూర్తవడానికి తొమ్మిదేళ్లు పట్టింది. రూపశిల్పి ఓ ఆంగ్లేయుడు. నేలకి, మెట్లకి ఇటలీ పాలరాయి. పైనుంచి చూస్తే మొత్తం కట్టడం కొండీ ఎత్తిన తేలు ఆకారంలో ఉంటుందంటారు. ఖర్చు ఆ రోజుల్లోనే నలభై లక్షల రూపాయలు దాటిందని చెబుతారు. ఎంత ప్రభువైనా, ప్రధానమంత్రైనా అంత ఎక్కణ్నుంచి తెస్తాడు? అప్పు తెచ్చాడు. అప్పు మీద అప్పు.

1897లో ఆరో నిజాం మహబూబ్ అలీ ఖాన్ అతిథిగా వచ్చి దిగాడు. మేడ చూసి ముచ్చటపడ్డాడు. ఒక రోజనుకున్న విడిది ఎన్నో రోజులు సాగింది. ఆఖరికి వికారుల్ ఉమ్రా మేడని నిజాంకే సమర్పించుకున్నాడని, నిజాం దాని ఖరీదు చెల్లించాడని చరిత్ర. కట్టించినాయన సొంతదారుగా అందులో ఉన్నది ఏడేళ్లో ఎనిమిదేళ్లో. 1902లో ఆయన పోయాడు. కొన్న నిజాం కూడా 1911లో ఆ మేడలోనే కన్నుమూశాడు. ఏడో నిజాం ఉస్మాన్ అలీ ఖాన్‌కి ఉండటానికి కింగ్ కోఠీ చాలు. ఫలక్‌నుమా రాజ అతిథుల విడిదిగా మిగిలిపోయింది. 1951లో రాష్ట్రపతి బాబూ రాజేంద్రప్రసాద్ బస చేశాక దాదాపుగా మూతపడింది. టీచరమ్మ పదహారేళ్లు చూసింది ఆ మూతపడ్డ గేటునే.

ఆమె అక్కడ పనిచేసిన చివరి సంవత్సరాల్లో కొండ మీద మరమ్మతులు మొదలయ్యాయి. తాజ్ సంస్థ లీజుకి తీసుకుంది. ఎనిమిదో నిజాంగా పేరున్న ముకర్రం జా మొదటి భార్య ప్రిన్సెస్ ఎస్రా దగ్గరుండి పనులు చూశారు. పదేళ్ల పని తర్వాత 2010 నవంబరులో హోటల్‌గా తలుపులు తెరిచారు. మొత్తం అరవై గదులు, సూట్లు. అప్పటినుంచి సినిమావాళ్ల పెళ్లిళ్లు, దేశాధినేతల విందులు. 2014లో సల్మాన్ ఖాన్ చెల్లెలి పెళ్లి ఇక్కడే జరిగింది. 2017 నవంబరులో ఇవాంకా ట్రంప్ వచ్చినప్పుడు ప్రధాని మోదీ విందిచ్చింది కూడా ఇక్కడే.

గేటు దాటాక...

కారు గేటు దగ్గర ఆగింది. బుకింగ్ చూసుకున్నాక అక్కణ్నుంచి గుర్రపు బగ్గీ. ‘వద్దులే, కార్లనే పోదాం’ అని పెద్దాయన సణిగాడు కానీ టీచరమ్మ అప్పటికే ఎక్కి కూచుంది. వంపు తిరిగిన దారిలో బగ్గీ పైకి వెళ్లడానికి పట్టేది కొద్ది నిమిషాలే. ఆ కాసేపూ ఆమె ముందుకి చూడలేదు. వెనక్కి, కిందికి చూస్తూ కూచుంది.

మెట్ల దగ్గర పైనుంచి గులాబీ రేకులు చల్లారు. పెద్దాయన తల మీది రేకు తీసి ఎక్కడ పడేయాలో తెలీక జేబులో పెట్టుకున్నాడు. పెళ్లిలో అక్షింతలేయించుకున్నాక ఇంత మర్యాద జరగడం యాభయ్యేళ్లలో ఇదే మొదటిసారి!

మేడ ముందు భాగం గురించి ఎంత చెప్పినా తక్కువే. లోపల అడుగుపెడితే పాలరాతి ఫౌంటెన్, తలెత్తితే రంగుల చిత్రాల పైకప్పు. పాలరాతి మెట్ల వరుస, కటకటాల మీద దీపాలు పట్టుకున్న బొమ్మలు, గోడల వెంట ఆనాటి గవర్నర్ జనరళ్ల చిత్రపటాలు. ఇంగ్లండ్‌లోని విండ్సర్ కోట గ్రంథాలయాన్ని చూసి చేయించిన లైబ్రరీ. కప్పు మొత్తం చెక్కిన కొయ్యే. బిలియర్డ్స్ గది, బాల్‌రూమ్, జేడ్ రూమ్... సాయంత్రం బస చేసినవాళ్లని గుంపుగా తిప్పి చూపిస్తారు. ఆ గంటన్నర మొత్తం బసలోకెల్లా విలువైన సమయమని చెప్పొచ్చు. గది బుక్ చేసుకుని ఆ నడక మానేసినవాళ్లు గుడికెళ్లి దేవుణ్ని చూడకుండా వచ్చినట్టే.

101 మంది ఒకేసారి కూచుని తినగలిగే భోజనాల బల్ల దగ్గర అందరూ ఫొటోలు దిగుతారు. ఈ చివర గుసగుసలాడితే ఆ చివర వినిపిస్తుందని గైడ్ చెబుతాడు. టీచరమ్మ ఈ చివర నిలబడింది. పెద్దాయన ఆ చివరికి నడిచి వెళ్లాడు, కాస్త టైము పట్టింది. ఆమె ఏదో అంది. ‘ఏమన్నవ్?’ అని ఆయన అక్కణ్నుంచి కేకేశాడు. అందరూ నవ్వారు. చెవిటితనానికి నవాబుల బల్ల కూడా మందు కాదు.

ఆయన కళ్లు మెరిసింది మాత్రం పాత కరెంటు స్విచ్చిబోర్డు దగ్గర. ఆ కాలంలోనే కరెంటు దీపాలు పెట్టించిన మేడ ఇది. షాండ్లియర్లు, స్విచ్చిబోర్డు ఇంగ్లండ్‌కి చెందిన ఆస్లర్ కంపెనీవి. గుంపు ముందుకి వెళ్లిపోయినా ఆయన కదల్లేదు. ఒక్కో మీట దగ్గరికీ వంగి చూశాడు. ‘నూటముప్ఫై ఏండ్ల కిందటి వైరింగ్! మేం స్తంభాలు పాతడానికి వస్తే బస్తీలో జనం ఇప్పటికీ కరెంటొస్తదా అని అడిగేటోళ్లు. గుట్ట మీద అప్పుడే ఉన్నది’ అన్నాడు. ఆ మాటలో మెచ్చుకోలెంతో, మరోటెంతో చెప్పడం కష్టం.

ఉన్నదున్నట్టు చెప్పాలంటే...

ఇంత డబ్బు పెట్టి వెళ్లాలనుకునేవాళ్లకి నాలుగు మాటలు దాచకుండా చెప్పాలి.

మొదటిది ఎత్తు సంగతి. ఫలక్‌నుమా రెండు వేల అడుగుల ఎత్తున ఉందని చాలాచోట్ల రాస్తుంటారు. అది సముద్రమట్టం నుంచి. హైదరాబాద్ నగరమే సముద్రమట్టానికి సుమారు 1,750 అడుగుల ఎత్తున ఉంది. కాబట్టి కింది బస్తీకీ పై మేడకీ మధ్య తేడా కొన్ని వందల అడుగులే. మేఘాల్లో తేలిపోతామనుకుంటే నిరాశే. ఊరు కాళ్ల కిందే ఉంటుంది. అసలు అందం కూడా అదే.

రెండోది గదుల సంగతి. ఫొటోల్లో కనిపించే ఆ ముందు మేడ చూసుకోవడానికి. పడుకునే గదులు ఎక్కువగా వెనకవైపు, ఒకప్పటి జనానా భాగాల్లో, పచ్చికతో నిండిన ముంగిళ్ల చుట్టూ ఉన్నాయి. గది బాగుంటుంది, చాలా బాగుంటుంది. మెత్తటి పరుపు, వెడల్పాటి స్నానాల తొట్టి, ఎత్తయిన కప్పు. కానీ నిజాం పడుకున్న మంచమ్మీదే పడుకుంటామనుకుని వెళ్లకూడదు. ఏ గదిలోంచి ఏం కనిపిస్తుందో బుక్ చేసేముందే అడిగి తెలుసుకోవాలి.

మూడోది డబ్బు. గది అద్దె సీజన్‌ని బట్టి, రోజుని బట్టి మారుతుంటుంది. ఏ రోజైనా ఒక రాత్రి అద్దె ఓ చిన్న ఉద్యోగి నెల జీతానికి సరిపోతుంది. రోజుకి 7,500 రూపాయలు దాటిన ఏ హోటల్ గదికైనా 18 శాతం జీఎస్టీ ఉంటుంది కాబట్టి చూసిన రేటుకి అదీ కలుపుకోవాలి. బుకింగ్‌లో ఏవి కలిశాయో, ఏవి విడిగా కట్టాలో ముందే అడిగి ఉంచుకోవాలి. లేకపోతే మెనూ కార్డులో ఎడమవైపు చదవకుండా కుడివైపే చదువుతూ కూచోవాల్సొస్తుంది. పెద్దాయన చేసింది అదే. ‘ఏం తింటరు?’ అని భార్య అడిగితే ‘ఏది తక్కువుంటే అది’ అన్నాడు.

అయినా అక్కడి హైదరాబాదీ భోజనానికి వంక పెట్టలేం. కబాబు నోట్లో వేసుకుంటే కరిగిపోయింది. బిర్యానీ ఘుమఘుమలాడింది. ఖుబానీ కా మీఠా తిన్నాక పెద్దాయన రెండు నిమిషాలు మాట్లాడలేదు. ఆ తర్వాత మాత్రం ‘మన మలక్‌పేట హోటల్ల బిర్యానీ దీనికేం తీసిపోదు’ అన్నాడు. ‘తీసిపోదు. కానీ అక్కడ ఇంత నిమ్మళంగ ఎన్నడన్న తిన్నమా?’ అంది టీచరమ్మ. అదీ పాయింటే! పక్క కుర్చీ ఎప్పుడు ఖాళీ అవుతుందా అని వెనక ఎవరూ నిలబడకపోవడం, వడ్డించేవాళ్లకి తొందర లేకపోవడం... డబ్బు కొనేది ముఖ్యంగా దాన్నే.

నాలుగోది హాయి సంగతి. అలవాటు లేనివాళ్లకి మర్యాద కూడా బరువే. గ్లాసు ఎత్తితే నీళ్లు పోస్తారు, లేస్తే కుర్చీ జరుపుతారు, ఎదురైన ప్రతివాళ్లూ నమస్కారం పెడతారు. మొదటి గంట ముచ్చటగా ఉంటుంది. మూడో గంటకి మొహమాటమవుతుంది. పెద్దాయన తన సంచి తనే మోస్తానని ఒక కుర్రాడితో కాసేపు పెనుగులాడాడు. రాత్రి పడుకునేముందు గదిలో దీపాలన్నీ ఆర్పడానికి ఏ స్విచ్చి నొక్కాలో... కరెంటాఫీసులో అన్నేళ్లు పనిచేసినాయనకే అంతుపట్టలేదు! ఒకటి ఆర్పితే ఇంకోటి వెలిగేది. ఎవర్నైనా పిలవడానికి నామోషీ. ఆఖరికి మూల దీపం ఒకటి వెలుగుతుండగానే దుప్పటి కప్పుకున్నారు.

పైనుంచి చూస్తే

అంతకుముందు ఆ సాయంత్రం, పొద్దు వాలే వేళ టీచరమ్మ టెరస్ మీద చాలాసేపు నిలబడింది. అందరూ ఉత్తరాన పాతబస్తీ వైపు చూస్తున్నారు. చార్మినార్ అక్కణ్నుంచి అయిదు కిలోమీటర్లుంటుంది. మబ్బూ పొగా లేని రోజైతే మినార్లు పోల్చుకోవచ్చు. ఆమె మాత్రం కిందికి, గుట్ట పాదానికి ఆనుకున్న ఇళ్ల కప్పుల వైపు వెతుకుతోంది. నీళ్ల ట్యాంకులు, ఆరేసిన బట్టలు, గాలిపటాలెగరేసే పిల్లలు. ‘మా బడి ఎక్కడుందో దొరుకుతలేదు’ అంది. కొత్తగా లేచిన మేడలు అడ్డమొచ్చాయో, కళ్లద్దాలు మార్చాల్సొచ్చిందో!

టీ తెచ్చిన కుర్రాడు విన్నాడు. ‘ఏ బడి మేడమ్?’ అన్నాడు. చెప్పింది. వాడి మొహం వెలిగింది. ‘మాది ఇంజిన్‌బౌలే మేడమ్. మా అక్క ఆ బళ్లోనే చదివింది’ అన్నాడు. అక్క పేరు చెప్పాడు. టీచరమ్మ ఎంత ఆలోచించినా గుర్తు రాలేదు. గుర్తొచ్చినట్టు నటించలేదు కూడా. పదహారేళ్లలో ఎంతమంది పిల్లలు! కుర్రాడే చేత్తో చూపించాడు. ‘ఆ పచ్చ మసీదు పక్కన, సెల్ టవర్ ఉంది చూడండి, దాని కింద.’ అప్పుడు దొరికింది. చిన్న రేకుల కప్పు. అంతే. పదహారేళ్ల జీవితం పైనుంచి చూస్తే అంత చిన్నగా ఉంది.

వాడు ఇంటర్ తర్వాత హోటల్ మేనేజ్‌మెంట్‌లో డిప్లొమా చేశాడట. గుట్ట కింద పుట్టి గుట్ట మీద ఉద్యోగం. ‘మీ అమ్మానాయన చూసిన్రా లోపల?’ అడిగింది టీచరమ్మ. వాడు నవ్వాడు. ‘ఎట్ల చూస్తరు మేడమ్? ఫోన్ల ఫొటోలు చూపించిన. మా అమ్మకి ఫౌంటెన్ బాగ నచ్చింది’ అన్నాడు. ఫిర్యాదులా అనలేదు. మామూలుగా అన్నాడు. కప్పులు సర్దుకుని వెళ్లిపోయాడు.

చదువుకుంటే లోపలికి వెళ్లి చూస్తారని ఆమె చెప్పిన మాట అబద్ధం కాలేదు. చదువుకున్న ఆ బస్తీ కుర్రాడు లోపలికొచ్చాడు. కాకపోతే ట్రే పట్టుకుని వచ్చాడు. మాట సగం నిజమైంది. మిగతా సగం సంగతే ఆమెకి రాత్రంతా నిద్ర పట్టనివ్వలేదు.

ఎవరి మేడ?

తెల్లవారుజామున కింది బస్తీల్లోంచి ఒక మసీదు తర్వాత ఒక మసీదులో అజా వినిపించింది. కాసేపటికి ఫలక్‌నుమా స్టేషన్‌లో రైలు కూత. గుట్ట మీద ఎంత నిశ్శబ్దమైనా ఊరు పైకి వస్తూనే ఉంటుంది. గోడలు మనుషుల్ని ఆపుతాయి కానీ చప్పుళ్లని ఆపలేవు.

పెద్దాయన కూడా మేలుకునే ఉన్నాడు. ‘పైసలు దండగైనయా?’ అడిగింది టీచరమ్మ. ఆయన లెక్కల మనిషి కదా, కాసేపు లెక్కేశాడు. ‘కట్టినాయన అప్పులపాలై వదిలేసిండు. కొన్న నిజాం పద్నాలుగేండ్లకే పోయిండు. ఆయన కొడుకు ఇటు ఉండనే లేదు. తాళమేసినంక చానా ఏండ్లు ఎవ్వరికీ కాకుండ ఉన్నది. ఇప్పుడు పైసలిచ్చినోళ్లు ఒక్కరాత్రి ఉండి పోతున్నరు. ఆ లెక్కన మనం గూడ వాళ్ల లెక్కల్నే!’ అన్నాడు. మళ్లీ ఆయనే ‘ఇంకోసారైతే రాను. ఒక్కసారి వచ్చినందుకు బాధ లేదు’ అని తేల్చేశాడు.

ఉన్నమాట చెప్పాలంటే చాలామంది అతిథుల తీర్పు కూడా ఇదే కావచ్చు. ఒక రాత్రి ముచ్చట. రెండో రోజుకి చూడాల్సినవన్నీ చూడ్డమైపోతుంది, బిల్లు గుర్తుకొస్తుంది. పెళ్లిరోజో, షష్టిపూర్తో, జీవితంలో గుర్తుంచుకోవాల్సిన ఏదో ఒక్క సందర్భానికి సరిపోయే చోటు. అప్పు చేసి వెళ్లాల్సిన చోటు మాత్రం కాదు. అప్పు చేసి ఆ మేడలో ఉండాలనుకున్న మొదటి మనిషి ఏమయ్యాడో అందరికీ తెలిసిందే!

తిరిగొచ్చేటప్పుడు టీచరమ్మ కారుని నేరుగా చాంద్రాయణగుట్ట వైపు తిప్పనివ్వలేదు. ‘జర బడి దిక్కు పోనియ్యి’ అంది. తెలిసిన టీచర్లు ఒక్కరూ లేరు. ఇప్పుడున్న హెడ్మాస్టరు మర్యాదగా కుర్చీ వేశాడు. నాలుగో తరగతి పిల్లల్ని చుట్టూ కూచోబెట్టాడు. ఆమె మొదలుపెట్టకముందే ఓ పిల్ల, ‘మేడమ్, మీరు పైనించి వచ్చిన్రట. దాని లోపల ఏముంటది?’ అని అడిగింది. ముప్ఫై ఏడేళ్ల కిందటి ప్రశ్న!

ఈసారి ఆమె దగ్గర జవాబుంది. పాలరాతి మెట్ల గురించి చెప్పింది. నూటొక్క కుర్చీల బల్ల గురించి చెప్పింది. తేలులాంటి ఇంటి గురించి చెబితే పిల్లలు కెవ్వుమన్నారు. కట్టినాయన అప్పుల్లో పడ్డాడని కూడా చెప్పింది. అందులో పనిచేసే తమ బస్తీ అన్న గురించి చెప్పింది. చివరికి అదే పిల్ల ‘మమ్మల్ని రానిస్తరా మేడమ్?’ అంది.

మంచిగ చదువుకోండి అన్న పాత జవాబు నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ‘ఇప్పుడైతే రానియ్యరు. పైసలు చానా అయితయ్’ అంది. పిల్లల మొహాలు వాడిపోయాయి. ‘కానీ చార్మినార్ దగ్గర చౌమహల్లా ఉన్నది. అది కూడ నిజాములదే. టికెట్ కొంటే ఎవ్వరైనా లోపలికి పోవచ్చు. సార్ ఒప్పుకుంటే వచ్చే నెల నేను తోలుకపోత’ అంది.

హెడ్మాస్టరు ఒప్పుకున్నాడు. కారెక్కాక పెద్దాయన జేబులో ఏదో తగిలి బయటికి తీశాడు. నిన్నటి గులాబీ రేకు. వాడిపోయింది. పారేయబోయి మళ్లీ జేబులోనే పెట్టుకున్నాడు. ‘చౌమహల్లాకి ఎంతమంది పిల్లలు? టికెట్ల లెక్క నేను చూస్త’ అన్నాడు.

వెళ్లాలనుకుంటే...

* ఫలక్‌నుమా ఇప్పుడు హోటల్ కాబట్టి టికెట్ కొని చూసే మ్యూజియంలా ఉండదు. బస చేయలేనివాళ్లు మధ్యాహ్నం టీకో, రాత్రి భోజనానికో ముందుగా బుక్ చేసుకుని వెళ్లొచ్చు. అవీ ఖరీదే. ఎంతవుతుందో, ఏయే భాగాలు చూడనిస్తారో ఫోన్ చేసి కనుక్కున్నాకే బయల్దేరాలి.
* బస చేసేవాళ్లు మధ్యాహ్నానికే చేరుకోవడం మంచిది. ఆలస్యంగా వెళితే సాయంత్రం మేడ చూపించే నడక, టెరస్ మీద సూర్యాస్తమయం రెండూ పోతాయి. అవి పోతే సగం డబ్బు పోయినట్టే.
* పెద్దవాళ్లతో వెళ్లేవాళ్లు మెట్లు తక్కువ ఎక్కే గది కావాలని ముందే చెప్పి ఉంచాలి.
* దారిలో సంతోష్‌నగర్ దగ్గర పాయిగా సమాధులు చూడొచ్చు. ఫలక్‌నుమా కట్టించినాయన ఉన్నది అక్కడే.
* కుటుంబంతో చూడాలనుకునేవాళ్లకి చౌమహల్లా ప్యాలెస్ మంచి దారి. నిజాంల దర్బారు హాలు, షాండ్లియర్లు, పాత కార్లు అన్నీ అక్కడున్నాయి. ప్రిన్సెస్ ఎస్రా పూనికతోనే బాగుచేయించి 2005లో జనానికి తెరిచారు. 2010లో యునెస్కో ఆసియా పసిఫిక్ వారసత్వ పురస్కారం కూడా అందుకుంది.